తండ్రిని వెదకి బయలుదేరిన నావికుడు



బెల్లంకొండలో కొండమీది పాత కోటను నీవు చూచియే యుందువు. 1515లో కృష్ణదేవరాయలు కొండవీటి దండయాత్రలో పట్టుకొనిన దుర్గములలో అదియు ఒకటి. ఆ కోటను గూర్చి చెప్పువారు చాలమంది ఉన్నారు. అయితే ఆ ప్రాంతముననే కృష్ణ ఒడ్డున ఉండిన కొల్లూరును గూర్చి తలంచువారు తక్కువ. పదునేడవ శతాబ్దములో టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు అచ్చటి వజ్రపు గనులను చూచి, పురుషులు, స్త్రీలు, పిల్లలు కలిసి 60,000 మంది అక్కడ పని చేయుచుండిరని వ్రాసెను. పురుషులు త్రవ్వుదురు, స్త్రీలును పిల్లలును మన్ను మోయుదురు. ఆ గనులనుండి వచ్చిన రాళ్లు ఏ రాజుల పెట్టెలలో చేరెనో చరిత్రకారులు శ్రద్ధగా వ్రాసికొనిరి. ఆ మన్ను త్రవ్విన తండ్రులలో ఎందరు మరల ఇంటికి పోయిరో, ఎందరి కొడుకులు గడపలో కూర్చుండి దారి చూచిరో ఎవరును వ్రాయలేదు. ఇప్పుడు కొల్లూరు మీద పులిచింతల జలాశయపు నీళ్లు నిలిచియున్నవి.

ఈ మాట ఎందుకు ఎత్తితినో నీకు తెలియును. పనికని పోయి రాని తండ్రి, తాగుడునకు చిక్కి ఇల్లు విడిచిన తండ్రి, ఇంటనే యుండి బిడ్డతో ఒక్క మాటయైన మాటలాడని తండ్రి, ఇట్టివారు లేని ఊరు మన పల్నాటిలో ఉన్నదా? ఆదివారము గుడిలో వెనుకవరుసలో కూర్చుండి, ప్రార్థన ముగియకమునుపే లేచిపోవు పడుచువానిని నీవు చూచియుందువు. వాడు దేనిని వెదకుచున్నాడో వానికే తెలియదు. మనము వానిని మొండివాడందుము.

మన సంఘముల చరిత్రలోనే ఈ సంగతికి మరియొక ప్రక్క కలదు. 1849లో గురజాలకు వచ్చి పల్నాటిలో సువార్త పని మొదలుపెట్టిన హయ్యరు దొరగారిని లూథరన్ సంఘమువారు నేటికిని ఫాదర్ హయ్యర్ అనియే పిలుతురు. ఆయన 1841లో అమెరికాలో ఓడయెక్కునప్పటికి భార్య చనిపోయి మూడేండ్లు నిండలేదు. ఆయన పిల్లలు ఆ దేశములోనే ఉండిపోయిరి. మనకు తండ్రియైనవాడు తన బిడ్డలకు దూరపు తండ్రి ఆయెను. ఆయన పేరు చెప్పి దేవునిని స్తుతించునప్పుడు ఆ పిల్లలను మనమెన్నడైన తలంచితిమా? నేనును తలంపలేదు. ఈ వ్యాసమునకు కావలసిన సంగతులు కూర్చుకొనుచుండగానే ఆ తలంపు కలిగెను.

తండ్రిని వెదకి బయలుదేరి, తండ్రిని చేరలేక, ఆ త్రోవలోనే విశ్వాసము కనుగొనిన యౌవనుని కథ చెప్పవలెనంటే జాన్ న్యూటన్ కథకంటె దగ్గరిది నాకు కనబడదు. 'అమేజింగ్ గ్రేస్' అను ఆంగ్ల కీర్తనను వ్రాసినవాడు ఆయనయే. ఆ రాగము నీవు ఎక్కడనో వినియే యుందువు. అతడు ఇంగ్లీషువాడు. అయినను అతని కథ చివరకు మన తెలుగు తీరమునకు వచ్చును. కొంచెము ఓర్పుతో చదువుము.

న్యూటన్ 1725 జూలై 24న లండనులో పుట్టెను. తండ్రి ఓడ అధిపతి. మధ్యధరా సముద్రపు రేవులకు ఓడ నడుపుచుండెను. తల్లి భక్తురాలు, రోగిష్ఠి. ఒక్కగానొక్క కొడుకును ఒడిలో కూర్చుండబెట్టుకొని బైబిలు వాక్యములు, కీర్తనలు నేర్పెను. నాలుగేండ్లకే వాడు చదువగలిగెను. 1732లో, వానికి ఏడేండ్లు నిండకమునుపే, ఆమె క్షయరోగముతో చనిపోయెను. అప్పుడు తండ్రి సముద్రము మీద ఉండెను. భార్య చనిపోయిన సంగతి అతడు తిరిగి వచ్చిన తరువాతనే వినెను. పిమ్మట మరల పెండ్లి చేసికొనెను. సవతితల్లికి బిడ్డలు కలిగిరి. పెద్దవానిని కొంతకాలము బడిలో ఉంచి, పదునొకండవ యేట తండ్రి తన ఓడమీదికి తీసికొనిపోయెను.

ఇక తండ్రి దొరికెను గదా అని నీవు అనవచ్చును. ఒకే ఓడలో ప్రయాణము చేసిరి, నిజమే. కాని న్యూటన్ పెద్దవాడైన తరువాత తన తండ్రిని గూర్చి వ్రాసినది చూడుము. తండ్రి తన్ను ప్రేమించెనని అతనికి నమ్మకమే. అయితే ఆ ప్రేమ కొడుకునకు తెలియుట తండ్రికి ఇష్టము లేనట్లు ఉండెనట. కొడుకు ఆయన యెదుట భయముతోనే బ్రదికెను. చదువరీ, నీవు తండ్రివైనయెడల ఇచ్చట కొంచెము ఆగుము. మన ఇండ్లలో బిడ్డ నిద్రపోయిన తరువాత వాని తల నిమిరి, మేలుకొనియున్నప్పుడు గద్దించు తండ్రులు ఎందరు! బిడ్డ చెడిపోవునని భయపడి ప్రేమను దాచుట మనకును అలవాటే.

తండ్రి 1742లో సముద్రపు పని మానుకొనెను. కొడుకునకు జమైకా దీవిలో ఒక కొలువు కుదిర్చెను. ఓడ బయలుదేరుటకు కొన్నాళ్లు గడువుండగా ఆ యౌవనుడు తన తల్లి స్నేహితురాలి ఇంటికి పోయి, అక్కడ మేరీ అను చిన్నదానిని చూచి, మూడురోజులని పోయినవాడు మూడువారములు నిలిచిపోయెను. ఓడ వెళ్లిపోయెను. తండ్రి కోపించి, పిమ్మట క్షమించెను. మరుసటి సంవత్సరమును ఇట్లే జరిగెను. ఇంతలో 1744లో, యుద్ధము కొరకు మనుష్యులను బలవంతముగా పట్టుకొనిపోవు నావికా బంటులు అతనిని చూచి పట్టుకొని హార్విచ్ అను యుద్ధనౌకలో వేసిరి. తండ్రి విడిపింపజాలక, తనకున్న పలుకుబడితో అతనిని చిన్న అధికారిగా చేయించెను. ఆ నౌకలోనే చెడ్డ స్నేహము దొరికెను. తల్లి నేర్పిన విశ్వాసమును అతడు ఎగతాళి చేసి, ఇతరులచేతను విడిపించుటకు పూనుకొనెను.

1745లో ఆ నౌక తూర్పు దిక్కునకు దూరప్రయాణము పోవుటకు ప్లిమత్ రేవులో నిలిచియుండెను. అయిదేండ్లవరకు తిరిగి రారని వార్త పుట్టెను. అయిదేండ్లు మేరీని చూడకుండ ఉండవలెనా అని అతని ప్రాణము కొట్టుకొనెను. అప్పుడే అతనికి ఒక మాట తెలిసెను. ఆఫ్రికా వర్తకపు కంపెనీ ఓడలు కొన్ని దెబ్బతినగా వాటిని చూచుటకు తండ్రి టార్‌బే అను రేవునకు వచ్చియుండెను. అది ప్లిమత్‌నకు మిక్కిలి దూరము కాదు. తండ్రిని చేరగలిగినయెడల ఆ కంపెనీలో ఏదో పని ఇప్పించునని అతడు తలంచెను.

ఒకనాడు ఓడ అధిపతి కొందరు నావికులను పడవలో ఒడ్డునకు పంపుచు, వారిలో ఎవడును పారిపోకుండ కాయుమని న్యూటన్‌ను కావలి ఉంచెను. కావలివాడే పారిపోయెను. దారి తెలియదు. కనబడినవారిని అడుగుచు ఆ దినమంతయు, మరునాడు కొంతసేపును నడిచెను. డార్ట్‌మత్ పట్టణము దగ్గరపడెను. ఇంకొక రెండు గంటలు నడిచినయెడల తండ్రి యెదుట నిలిచియుండును. అప్పుడు కొందరు సిపాయిలు ఎదురుపడిరి. పారిపోవువారిని పట్టుకొనుటయే వారి పని. ఏమి చెప్పవలెనో అతనికి తోచలేదు. దొంగను నడిపించినట్లు అతనిని ప్లిమత్ వీధులగుండ నడిపించిరి. సంకెళ్లు వేసిరి. నౌకమీద అందరియెదుట బట్టలు విప్పించి కొరడాలతో కొట్టించి, అధికారపు పదవి తీసివేసి, సామాన్యపు నావికులలో కలిపిరి. నిన్న తన మాట వినినవారు నేడు అతనిని త్రోసికొనిపోవుచుండిరి.

ఆ రెండు గంటల దూరమును గూర్చి నేను చాలసార్లు ఆలోచించితిని. అతడు తండ్రిని చేరియుండినయెడల ఏమగును? తండ్రి మరల గద్దించి, మరల ఒక కొలువు చూచియుండును. న్యూటన్ వెదకినది తండ్రిని కాదు, తండ్రి చేతిలోని సహాయమును. అందుకై అతనిని నిందింపను. తండ్రి హృదయము తెలియని బిడ్డకు తండ్రి చెయ్యి తప్ప మరేమి కనబడును?

నౌక మదీరా దీవికి పోయినప్పుడు, గినీ తీరమునకు బానిసల వ్యాపారమునకై పోవుచుండిన ఒక ఓడకు అతనిని మార్చివేసిరి. ఇచ్చట తన్ను ఎరిగినవాడు ఒక్కడును లేడు గనుక ఇక ఎంత చెడినను ఫరవాలేదని సంతోషించితినని అతడే తరువాత ఒప్పుకొనెను. పిమ్మట సియెర్రా లియోను దగ్గర ప్లాంటెయిన్ దీవులలో ఒక తెల్ల వర్తకుని కొలువులో చేరి అక్కడ జబ్బుపడెను. ఆ వర్తకుని ఇల్లాలు, ఆఫ్రికా స్త్రీ, అతనిని పురుగువలె చూచెను. ఆమె తిని మిగిల్చిన పళ్లెములోని ఎంగిలి అతనికి విందు. రాత్రివేళ తోటలో దుంపలు పెరికి పచ్చివే తినెను. అతనియొద్ద మిగిలిన పుస్తకము ఒక్కటే, అది గణితశాస్త్రము. సముద్రపు ఒడ్డున ఇసుకలో పుల్లతో గీతలు గీచి ఆ లెక్కలు నేర్చుకొనుచు దుఃఖము మరచుచుండెను. ఆ దినములలో అతనికి దొంగచాటుగా తిండి పెట్టినవారెవరో తెలియునా? సంకెళ్లలోనున్న బానిసలు. తమకు పెట్టిన పిడికెడులోనుండి, యజమానునికి కనబడకుండ, అతనికి ఇచ్చిరి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుము. మరల దీనితో పని పడును.

ఆ దీవినుండి అతడు తండ్రికి ఉత్తరములు వ్రాసెను. అవి చేరెను. దారిలో రెండు గంటల దూరమున పట్టువడిన కొడుకు ఆఫ్రికా తీరమున చావుబ్రదుకులలో ఉన్నాడని తెలిసికొని ఆ మౌనపు తండ్రి లేచెను. లివర్‌పూలులోని స్నేహితుడైన వర్తకునితో మాటలాడగా, అతడు గ్రేహౌండ్ అను తన ఓడ అధిపతికి, ఆ తీరమున ఎక్కడ ఆగినను న్యూటన్ అను యౌవనుని కొరకు విచారింపుమని ఆజ్ఞ ఇచ్చెను. కొడుకు తండ్రిని వెదకుట చూచితిమి. ఇప్పుడు తండ్రి కొడుకును వెదకుచున్నాడు.

1747 ఫిబ్రవరిలో గ్రేహౌండ్ ఆ తీరము వెంబడి పోవుచుండగా ఒడ్డున పొగ కనబడెను. వర్తకము చేయుదుము రండని ఆ పొగకు అర్థము. అప్పటికి న్యూటన్ వేరొక వర్తకుని యొద్ద చేరి కొంచెము సుఖముగా ఉండెను. పొగ వేసినవాడు అతని తోటి పనివాడే. ఆ మనుష్యుడు పడవలో ఓడయొద్దకు పోగా, ఓడ అధిపతి అడిగిన మొదటి ప్రశ్న న్యూటన్‌ను గూర్చియే. అయితే కొడుకు వెంటనే బయలుదేరలేదు. వెనుకటివలె ఆకలితో ఉండినయెడల పరుగెత్తియుండును. ఇప్పుడు కడుపు నిండియుండెను. ఏటికి 400 పౌనుల ఆస్తి నీకు వచ్చియున్నదని ఓడ అధిపతి ఒక అబద్ధము చెప్పెను. దానిని అతడు పూర్తిగా నమ్మలేదు. కాని మేరీని చూడవచ్చునను ఆశతో ఓడయెక్కెను. తండ్రి పంపిన ఓడలో ఉండి, ఆ సంవత్సరమంతయు దేవదూషణయే చేసెను. కఠినులైన నావికులే చెవులు మూసికొనునట్లు ఉండెనట.

తుపాను 1748 మార్చిలో వచ్చెను. పాత పంచాంగము ప్రకారము ఆ దినము 10వ తేది. క్రొత్త లెక్కకు 21. అర్ధరాత్రి ఒక అల కొట్టి ఓడ పైభాగమున ఒక ప్రక్క పలకలను చీల్చివేసెను. న్యూటన్ మేలుకొని పైకి ఎక్కుచుండగా ఓడ అధిపతి కత్తి తెమ్మనెను. అతడు దానికై వెనుకకు తిరుగగా, అతనికి బదులు పైకి ఎక్కినవానిని ఆ క్షణమే సముద్రము ఈడ్చుకొనిపోయెను. తెల్లవారుజాము మూడు గంటలనుండి మధ్యాహ్నమువరకు నీళ్లు తోడుచునే ఉండిరి. ఓడలో వేసిన సరుకు మైనమును తేలిక కలపయు గనుక మునుగలేదు. ఆ శ్రమలో, ఏదో ఉపాయము చెప్పి తిరుగుచు, ఇదియు పనికిరానియెడల ప్రభువే కరుణింపవలెనను మాట అతని నోట వచ్చెను. మరుక్షణమే ఆ మాట అతనినే పొడిచెను. నాకు కరుణ ఎక్కడిది అని తనలో అనుకొనెను. మధ్యాహ్నము ఒంటిగంట మొదలుకొని అర్ధరాత్రివరకు చుక్కాని పట్టుకొని నిలిచెను. ఆ పదునొకండు గంటలును తల్లి నేర్పిన వాక్యములు, తాను ఎగతాళి చేసిన వాక్యములు, ఒక్కొక్కటిగా తిరిగి వచ్చుచుండెను.

గాలివాన తగ్గిన తరువాతను నాలుగు వారములు ఆ చీలిన ఓడలో కొద్దిపాటి తిండితో తేలియాడిరి. ఓడ అధిపతి అతనిని యోనా అనియు, సముద్రములో పారవేసినగాని ఓడకు శాంతి లేదనియు పదేపదే అనుచుండెను. న్యూటన్ ఒక మూల చేరి క్రొత్త నిబంధన చదువసాగెను. ఒక్కసారిగా నమ్మిక కలిగెనని అతడు చెప్పలేదు. ఇది నిజమో కాదో యని తూచుచు చదివెను. లూకా సువార్త పదునొకండవ అధ్యాయములో, అడుగు బిడ్డలకు పరలోకపు తండ్రి పరిశుద్ధాత్మను ఇచ్చునని యున్న చోట అతడు ఆగెను. ఇది సత్యమైనయెడల అడిగి చూడవచ్చునని తలంచెను. పదునైదవ అధ్యాయము అతనిని మరి లోతుగా తాకెను. దూరదేశమున ఆస్తి పాడుచేసికొని, పందులు తిను పొట్టునకు ఆశపడిన కుమారుడు తానే. అది తెలిసికొనుటకు అతనికి బోధకుడు అక్కరలేదు. అతనికి క్రొత్తది ఆ తండ్రి. కొడుకు ఇంక దూరముగా ఉండగానే కనిపెట్టి, ముసలితనపు పెద్దరికము విడిచి, వీధిలో పరుగెత్తు తండ్రి. డార్ట్‌మత్ దారిలో అతడు కలిసికొందునని తలంచిన తండ్రి అట్టివాడు కాడు.

ఏప్రిల్ 8న ఓడ ఐర్లండు తీరమున లాఫ్ స్విల్లీ అను రేవు చేరెను. అప్పుడు చివరి తిండి కుండలో ఉడుకుచుండెను. ఒడ్డున లంగరు వేసిన రెండు గంటలకే మరల పెనుగాలి లేచెను. న్యూటన్ గుడికి పోయెను, ప్రభుభోజనము తీసికొనెను, తండ్రికి ఉత్తరము వ్రాసెను.

చదువరీ, ఇంతవరకు కథ మన గుడిలో చెప్పు సాక్ష్యములవలెనే ఉన్నది. ఇప్పుడు తండ్రియు కొడుకును కౌగిలించుకొనవలెను. అట్లు జరుగలేదు.

గ్రేహౌండ్ మునిగిపోయెననియే తండ్రి తలంచియుండెను. కొడుకు ఉత్తరము వచ్చినప్పుడు ఆయన ప్రయాణమునకు సిద్ధముగా ఉండెను. కెనడాలో హడ్సను అఖాతపు ఒడ్డున మంచు దేశములోనున్న యార్క్ కోటకు అధిపతిగా ఆయనను నియమించియుండిరి. కొడుకును తనతో తీసికొనిపోవలెనని ఆయన కోరెను. కాని ఐర్లండులో ఆలస్యమాయెను. న్యూటన్ లివర్‌పూలు చేరిన దినముననే తండ్రి ఓడ లండను రేవు దాటి పోయెను. మొదట రెండు గంటల దూరము, ఇప్పుడు ఒక దినపు దూరము.

బయలుదేరకముందు తండ్రి ఒక పని చేసెను. మేరీ ఇంటివారియొద్దకు స్వయముగా పోయి, వీరి పెండ్లికి తన సమ్మతి తెలిపి వచ్చెను. కొడుకు అడుగకయే, కొడుకునకు కనబడకయే. తరువాత ఆ మంచు దేశమునుండి ప్రేమగల ఉత్తరములు రెండో మూడో వచ్చెను. కొడుకు క్షమాపణ వేడుకొనెను, తండ్రి క్షమించెను. అన్నియు కాగితము మీదనే. 1750 ఫిబ్రవరి 1న న్యూటన్ మేరీని పెండ్లాడెను. తండ్రి మూడేండ్లకు తిరిగి రావలసియుండెను. రాలేదు. యార్క్ కోటయొద్ద స్నానము చేయుచు నీళ్లలో మునిగి చనిపోయెను. తండ్రి ముఖము చూచి క్షమాపణ అడుగు భాగ్యము న్యూటన్‌కు ఈ లోకములో దొరకలేదు.

దేవుడు తండ్రి స్థలములోనికి వచ్చెను గనుక ఇక దుఃఖము లేదని బోధకులు చెప్పగా నేను వినియున్నాను. న్యూటన్ అట్లు చెప్పలేదు. తండ్రిని తాను నొప్పించిన సంగతి ముసలితనమువరకు అతనిని నొప్పించుచునే ఉండెను.

ఇంకొకటియు చెప్పవలెను. దీనిని దాచిపెట్టి అతనిని పరిశుద్ధునిగా చూపుట అన్యాయము. ఆ తుపాను తరువాత న్యూటన్ బానిసల వ్యాపారము మానలేదు. మారుమనస్సు పొందినవాడే బానిసల ఓడలకు అధిపతియై 1750 మొదలు 1754 వరకు మూడుసార్లు ఆఫ్రికాకు పోయెను. ఓడపైని నావికులను కూర్చి ఆదివారము ప్రార్థన చేయించెను. క్రింది అంతస్తులో మనుష్యులు సంకెళ్లతో ప్రక్క ప్రక్కన పడియుండిరి. తండ్రిని పోగొట్టుకొనిన కొడుకు ఎందరి తండ్రులను బిడ్డలనుండి ఊడదీసి అట్లాంటిక్ సముద్రము దాటించెను! తన పిడికెడు కూడు దాచి అతనికి పెట్టినవారు ఎవరో నీకు చెప్పితిని గదా. వారి జాతివారినే అతడు అమ్మెను. 1754లో ఆ పని మానినది కూడ మనస్సాక్షి గద్దించినందున కాదు, జబ్బుచేసినందున. పరలోకపు తండ్రిని కనుగొనిన మనుష్యునికి, ఆ తండ్రికి ఇతర బిడ్డలును ఉన్నారని తెలియుటకు ముప్పది యేండ్లకు మించి పట్టెను. మన సంఘములలో ఒకే బల్లయొద్ద రొట్టె తీసికొని, గుడి వెలుపల ఎవరి పల్లె వారిదే యనువారు అతనిమీద రాయి వేయకుందురుగాక.

1788లో అతడు ఆ వ్యాపారమును గూర్చి ఒక చిన్న పుస్తకము అచ్చువేయించి, తన కన్నులు చూచినది, తన చేతులు చేసినది ఒప్పుకొనెను. ఈ ఒప్పుకోలు చాల ఆలస్యముగా వచ్చెనని అందులోనే వ్రాసెను. పార్లమెంటు వారియెదుటను సాక్ష్యమిచ్చెను. బానిసల వ్యాపారమును ఇంగ్లండు రద్దుచేసినది 1807 మార్చిలో. ఆ డిసెంబరు 21న ఆయన కన్నుమూసెను.

ఈ నడుమ ఆయన పాదిరియై 1764 మొదలు ఓల్నీలోను, 1780 మొదలు లండనులోని సెయింట్ మేరీ వుల్నాత్ గుడిలోను సేవచేసెను. సొంత బిడ్డలు లేరు. మేరీ చెల్లెండ్ర, తమ్ముల బిడ్డలలో తల్లిదండ్రులు లేని ఇద్దరు ఆడపిల్లలను తెచ్చి పెంచుకొనిరి. తండ్రిలేని పడుచువారు ఆయన ఇంటికి రాసాగిరి. బానిసల విడుదలకై పార్లమెంటులో పోరాడిన విల్బర్‌ఫోర్స్ తొమ్మిదేండ్లవాడై యుండగా తండ్రిని పోగొట్టుకొనినవాడు. 1785లో అతడు కలత చెంది ఎవరికిని తెలియకుండ న్యూటన్ తలుపు తట్టెను.

ఆ తలుపు తట్టినవారిలో మనకు కావలసినవాడు క్లాడియస్ బుకానన్. స్కాట్లండులో ఒక బడిపంతులు కొడుకు, 1766లో పుట్టెను. ఇరువదియొకటవ యేట తల్లిదండ్రులతో అబద్ధమాడి ఇల్లు విడిచెను. ఒక ధనవంతుని కొడుకునకు గురువుగా పరదేశములు తిరుగబోవుచున్నానని చెప్పి, నిజముగా ఒక ఫిడేలు చంకబెట్టుకొని కాలినడకను బయలుదేరెను. ఇండ్లయొద్ద వాయించి తిండి సంపాదించుకొనుచు సరిహద్దు దాటి, బొగ్గు ఓడమీద 1787 సెప్టెంబరులో లండను చేరెను. పరదేశములు ఎక్కడివి? బట్టలు, పుస్తకములు అమ్ముకొని రొట్టెముక్క తినుచు ఒక మూలగదిలో పడియుండెను. తరువాత ఒక వకీలు యొద్ద గుమాస్తాగా చేరెను. ఇటలీ దేశమునుండి వ్రాసినట్లు తండ్రికి ఉత్తరములు కల్పించి పంపుచుండెను. తండ్రి వాటిని నమ్మి, నమ్మినవాడై 1788లో చనిపోయెను. ఒప్పుకొనుటకు ఇక ఎవరు ఉన్నారు?

ఈ కాలపు బిడ్డలు ఫోనులో అంతా బాగున్నదని చెప్పు మాటలు దీనికి ఏమైన భిన్నమా, చదువరీ?

1790లో ఒక ఆదివారపు సాయంకాలము భక్తిగల ఒక స్నేహితుడు వచ్చి మాటలాడగా బుకానన్ మనస్సు కలతపడెను. తల్లికి నిజము వ్రాసెను. న్యూటన్ గారిని కలిసికొనుమని ఆమె బదులు వ్రాసెను. అతడు గుడికి పోయి వినెను, కాని ముఖము చూపుటకు ధైర్యము లేక, పేరును చిరునామాయు లేని ఉత్తరము ఒకటి ఆయనకు పంపెను. న్యూటన్ ఏమి చేసెనో చూడుము. ఆ ఉత్తరము వ్రాసినవారు ఈ గుడిలో ఉన్నయెడల వారితో మాటలాడుట నాకు సంతోషమని ప్రసంగపీఠము మీదనుండి ప్రకటించెను. గుడియంతటిలో ఆ మాట ఎవరికో ఒక్కనికే తెలిసెను. వాడు వచ్చెను. ముసలివాడైన న్యూటన్ అతనిని కొడుకువలె చేర్చుకొని, ధనవంతుడైన ఒక స్నేహితునికి చూపి, కేంబ్రిడ్జిలో చదివించెను. 1797లో బుకానన్ పాదిరిగా కలకత్తాకు వచ్చెను.

1806లో అతడు కలకత్తానుండి బయలుదేరి, పూరీ జగన్నాథము చూచి, తీరము వెంబడి మన తెలుగు దేశపు దారిని దక్షిణమునకు ప్రయాణము చేసెను. విశాఖపట్టణములో లండను మిషను వారైన క్రాన్, డెగ్రాంజి అను ఇద్దరు పాదిరులు ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణ క్రైస్తవునితో కూర్చుండి సువార్తలను తెలుగులోనికి తిప్పుచుండుటను గూర్చి తన గ్రంథములో వ్రాసెను. క్రాన్ 1809లో చనిపోయెను. డెగ్రాంజి 1810లో చనిపోయెను. వారి ప్రతి శ్రీరాంపూరునకు చేరి 1812లో అచ్చుపడెను. నాలుగు సువార్తలును కాదు, మూడే: మత్తయి, మార్కు, లూకా.

లూకాలో పదునైదవ అధ్యాయము ఉన్నది గదా. న్యూటన్ చీలిన ఓడలో మూలను కూర్చుండి చదివిన ఆ తండ్రి, బుకానన్ తన తండ్రి చనిపోయిన తరువాత చదివిన ఆ తండ్రి, ఆ సంవత్సరము మొదటిసారిగా తెలుగు అచ్చు అక్షరములలో ఆ వీధివెంట పరుగెత్తెను. అప్పటికి గురజాలకు హయ్యరు దొరగారు వచ్చుటకు ఇంకను 37 సంవత్సరములుండెను. ఆయన స్వయముగా పదునాలుగేండ్ల వయస్సున, యుద్ధమునకు భయపడి తల్లిదండ్రులు జర్మనీనుండి అమెరికాలోని మేనమామ ఇంటికి పంపివేసిన బాలుడు. ఆ పంపినది 1807లో, న్యూటన్ చనిపోయిన సంవత్సరముననే.